నడక తక్కువవాళ్ళే ముందు

కొండలెక్కే, సముద్రంలో తెడ్డు పడవలు నడిపే మా గుంపులో ఒక రూలుంది. కొండెక్కేటప్పుడు అందరికంటే మెల్లగా నడిచేవాళ్ళు ముందుండాలి. కొత్తగా చేరిన కుర్రాళ్ళకి ఇది బొత్తిగా నచ్చదు. "మేం పైకి పోయి కూర్చుంటాం మేడమ్, మీరు నిదానంగా రండి" అంటారు. పోనిస్తే జరిగేది ఒకటే. వాళ్ళు పైన అరగంట కూర్చుని ఆయాసం తీర్చుకుంటారు, వెనకవాళ్ళు వగరుస్తూ చేరగానే లేచి దుమ్ము దులుపుకుని బయల్దేరతారు. విశ్రాంతి ఎవరికి కావాలో వాళ్ళకే దొరకదు. ఉదయగిరి దుర్గం మీద అలకలన్నీ ఇక్కడే పుడతాయి.

దుర్గం 3,079 అడుగుల ఎత్తు. నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా పోవాలి, ఎండ ముదరకముందు ఎక్కాలంటే చీకటితోనే బండి కదలాలి. కింద 5, కొండ మీద 8, మొత్తం 13 కోటలుండేవని పాత గెజిటీర్‌లో ఉంది. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి దీన్ని 1514లో గెలిచాడు, అదీ ఏడాదిన్నర ముట్టడి తర్వాత. సైన్యం బురుజుల దాకా చేరడానికి గుట్టలు తొలిపించి, బండలు పగలగొట్టించి దారి వేయించాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. ఆ సంవత్సరాన్ని మా బడిలో పిల్లల చేత బట్టీ పట్టిస్తాం. కొండ ఎక్కించి చూపిస్తే ఏడాదిన్నర ఎందుకు పట్టిందని ఒక్కడూ అడగడు.

ఎక్కడం కంటే దిగడంలోనే నాకు భయం. మోకాళ్ళు అలిసిపోయి ఉంటాయి, మనసు అప్పటికే కింద టీకొట్టు దగ్గరుంటుంది. బోద గడ్డి మాటున వదులు రాళ్ళుంటాయి. ఒకరి నెత్తిన ఒకరు పడేట్టు దిగకూడదు. రాయి జారితే ఎవరి కాలి కింద జారిందన్నది తర్వాత, ముందు "రాయి!" అని కేక పెట్టాలి. నీళ్ళ సంగతి కింద మేకలు కాసే పెద్దాయన ప్రతిసారీ చెబుతాడు: "పైన నీళ్ళుంటాయని నమ్ముకోబాకండి మ్మా." మనిషికి మూడు లీటర్లు మోయనివాళ్ళని నేను పైకి రానివ్వను.

పెంచలకోన వైపు వెలికొండల్లోకి ఎందుకు తీసుకుపోవని చాలామంది అడుగుతుంటారు. అది పెనుశిల నరసింహ అభయారణ్యం, అటవీ శాఖ అనుమతి కావాలి. పైగా ఎర్రచందనం ఉన్న కొండలు. తెల్లారుజామున పదిమంది బ్యాగులు తగిలించుకుని అడవి అంచున దిగితే మనల్ని ఎవరనుకుంటారో వేరే చెప్పాలా! మార్కాపురం, దోర్నాల దాటితే నల్లమల, అది పులుల అభయారణ్యం. అక్కడా ఇదే మాట.

ఇక సముద్రం. కొండ మీద నేర్పిన వరస ఇక్కడ పనికిరాదు. కయాక్ అంటే సన్నటి చిన్న తెడ్డు పడవ. అందులో కూర్చున్న మనిషి నీటికి బాగా దగ్గరగా ఉంటాడు, మధ్యలో మీటరెత్తు అల లేచినా కనపడడు. గాలి ఎదురుగా ఉంటే కేక పది బారలు కూడా పోదు. అందుకని ముందూ వెనకా లేకుండా ఈల వినపడే దూరంలో ముద్దగా సాగాలి. ఒక ఈలంటే ఆగి ఇటు చూడమని. మూడంటే ఆపద. కొండకి ఎనిమిదిమందిని తీసుకుపోతాను, సముద్రానికి ఐదుగురు దాటితే ఒప్పుకోను.

మన తీరంలో ఏడాది పొడవునా తెడ్డు వేయడం కుదరదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకి వేట నిషేధం. మన కయాక్‌కి ఆ నిషేధంతో పని లేదు గానీ, మనకేదన్నా అయితే లాక్కొచ్చే బోటు ఆ రోజుల్లో సముద్రంలో ఉండదు. అది దాటగానే పడమటి గాలి మొదలవుతుంది. అన్నిటికంటే మాయదారి రోజులవి. గట్టు మీద నుంచి వీచే గాలికి ఒడ్డున కెరటాలు అణిగిపోయి, సముద్రం ఊరి చెరువల్లే కనిపిస్తుంది. లోపలికి పోవడం సులువు. వెనక్కి తిరిగాకే తెలుస్తుంది, ఎంత తెడ్డు వేసినా ఒడ్డు దగ్గరికి రాదు. మైపాడులో వలలు బాగుచేసుకుంటున్న ఒకాయన మమ్మల్ని చూసి అన్నాడు: "నీళ్ళు చూడబాకండక్కా, గాలి చూడండి. పడమర లేసింది." ఆ రోజు కయాక్‌లు బండి మీద నుంచి దించకుండానే తిరిగొచ్చాం. చెన్నై నుంచి తెచ్చిన అద్దె దండగని ఒకరిద్దరు సణిగారు. సణగనీ.

ఇలా తీసేయగా మిగిలేది జనవరి చివర నుంచి మార్చి దాకా, అదీ పొద్దున పూట. ఎండెక్కి సముద్రం మీది గాలి లేచేలోపు ఒడ్డుకి చేరాలి. బయటికి పోవడం కంటే చేరడమే కష్టం. వెనక నుంచి వచ్చే కెరటం కయాక్‌ని అడ్డం తిప్పేస్తుంది. అప్పుడు భయపడి ఒడ్డు వైపు వాలితే బోల్తాయే. వాలాల్సింది కెరటం వైపుకి. నీళ్ళలో పడితే మాత్రం కయాక్‌కీ ఒడ్డుకీ మధ్యన నిలబడకూడదు, నీళ్ళు నిండిన దాన్ని అల విసిరితే కాళ్ళు విరుగుతాయి. ఒక్కొక్కరే రావాలి. బాగా చేయి తిరిగినవాళ్ళు మొదట దిగి, వచ్చేవాళ్ళ పడవలు పట్టుకోవాలి. కొత్తవాళ్ళు మధ్యలో. నేను చివర.

ఇదంతా ముందు బకింగ్‌హాం కాలవలో నేర్పిస్తాను. పెదగంజాం నుంచి మద్రాసు దాటి మరక్కాణం దాకా ఒకప్పుడు సరుకుల పడవలు తిరిగిన కాలవ. ఇప్పుడు మా శిష్యులు బోల్తా కొడుతుంటే గట్టున పిల్లలు చప్పట్లు కొడుతుంటారు. ఫిబ్రవరిలో వచ్చేవాళ్ళకి ముందే చెబుతున్నా: ఈత రాదంటే రాదనే చెప్పండి, సిగ్గు పడొద్దు, కాలవలో లైఫ్ జాకెట్ వేసి నేర్పిస్తా. తిరగబడిన కయాక్ నుంచి బయటపడి మళ్ళీ ఎక్కడం రానివాళ్ళు మాత్రం సముద్రంలోకి రారు, డబ్బు కట్టినా సరే. తిరుగుదారిలో కారం దోశెలు ఎవరి ఖర్చు వాళ్ళదే.