ఆరుకు, ఎనిమిదికి మధ్య ఒక నట్టు

కూడలిలో పచ్చ దీపం వెలిగింది. గేరు వేద్దామని క్లచ్ పెడల్ తొక్కితే, అది ఏ అడ్డూ లేకుండా నేలకు చేరి అక్కడే ఉండిపోయింది. చీకట్లో లేని మెట్టు మీద కాలు వేసినట్టయింది. వెనుక హారన్లు మొదలయ్యాయి.

నా కారు ఫోక్స్‌వాగన్ బీటిల్, వయసులో నాకంటే పెద్దది. దీని ఇంజను వెనుక, పెడళ్లు ముందు. ఆ రెండింటి మధ్య క్లచ్ పని మోసేది ఒక ఉక్కు తీగ మాత్రమే; నూనె ఒత్తిడితో నడిచే సిలిండర్లేమీ ఉండవు. పెడల్ దగ్గర కొక్కేనికి తగిలించిన ఆ తీగ కారు నడుమ ఉన్న సొరంగంలాంటి భాగం గుండా వెనక్కి వెళ్లి, గేరుబాక్సు ఎడమ పక్కనున్న లివర్ కంతలోంచి బయటికి వస్తుంది. కొసన మరలు కోసిన చిన్న కడ్డీ, ఆ కడ్డీకి ఒక నట్టు. ఆ నట్టు దారిలో ఎక్కడో రాలిపోయింది.

ఇంటికి ఎలా చేరానో క్లుప్తంగా చెబుతాను. ఇంజను ఆపి, మొదటి గేరులో పెట్టి, తాళం తిప్పాను. స్టార్టర్ మోటారే కారును కుదుపుతూ ముందుకు నెట్టింది, ఆ ఊపులో ఇంజను అందుకుంది. ఆ తరువాత ఇంజను వేగాన్ని చెవితో పోల్చుకుంటూ, క్లచ్ లేకుండానే రెండో గేరుకు మార్చి, ఎక్కడా ఆగకుండా వచ్చేశాను. స్టార్టరుకు, గేర్లకు అది మంచిది కాదు. ఎవరికీ సలహాగా చెప్పడం లేదు.

మర్నాడు ఎడమ వెనుక చక్రం విప్పి, కారును స్టాండు మీద నిలబెట్టి కింద దూరాను. ముందు చేసిన పని, తీగ కొసను గట్టిగా లాగి, మరలు లేని చోట పట్టుకారుతో బిగించి పెట్టడం. ఈ కారులో తీగ వదులైతే పెడల్ దగ్గరి కొక్కెం నుంచి ఊడి లోపల పడిపోతుంది. అప్పుడు పెడళ్ల కూర్పు మొత్తం విప్పి, కనిపించని చోట వేళ్లతో వెతికి తగిలించాలి. ఒకసారి చేసినవాడు రెండోసారి కోరుకోడు.

ఇక నట్టు. రాలిపోయినదాన్ని నేనెప్పుడూ సరిగా చూసిందే లేదు. ఒక నట్టే కదా అనుకున్నాను. నా దగ్గరున్న నట్ల డబ్బా తెచ్చుకుని కూర్చున్నాను. ఎం6, అంటే ఆరు మిల్లీమీటర్ల మరకు సరిపోయే నట్టు, కడ్డీ మొదట్లోనే ఆగిపోయింది. ఎం8 నట్టు వదులుగా ఎక్కి, ఒక చుట్టు పట్టినట్టు నటించి, వంకరగా బిగుసుకుంది. పట్టి లాగితే జారి చేతిలోకి వచ్చింది. కారు జర్మనీదైనా పాత కారులో ఎవరు ఏం చేసి ఉంటారో తెలియదు కాబట్టి అంగుళాల నట్లూ వేసి చూశాను. పావు అంగుళానిది ఎక్కలేదు, 5/16 అంగుళానిది నిలవలేదు.

అప్పుడు బుద్ధి తెచ్చుకుని కొలతలకు దిగాను. తీగ బ్రష్షుతో మరలను శుభ్రం చేసి, చుట్ల దూరం కొలిచే గేజు ఆకులు ఒక్కొక్కటే ఆనించాను. 1.25 ఆకు అడుగున వెలుతురు కనబడింది. 1.0 ఆకు సందు లేకుండా కూర్చుంది. ఎం6 చుట్ల దూరం 1.0 మిల్లీమీటరే! కాబట్టి ఇది ఎం6 అయి తీరాలి, మరలే ఎక్కడో దెబ్బతిని నట్టును ఎక్కనివ్వడం లేదు అని తీర్మానించేశాను. లావు కొలిచే వెర్నియర్ పెడితే 6.9 మిల్లీమీటర్లు చూపించింది. పరికరం సున్నా తప్పిందేమోనని తుడిచి మళ్లీ పెట్టాను. 6.9. నా తీర్మానం అంత బలంగా ఉంది మరి, కొలతనే అనుమానించాను.

పక్కింటాయన వచ్చి చూసి, ఎం6 డై, అంటే కడ్డీ మీద మరలు కోసే పనిముట్టు, పెట్టి మరలు తిరిగి కోసేయమన్నారు. డై నా చేతిలోనే ఉంది, పావుగంట పని. కోసేవాణ్నే. ఎందుకో ఆగి లెక్క వేశాను: 6.9 కడ్డీలో మరల అడుగున మిగిలే మందం సుమారు 5.8 మిల్లీమీటర్లు. ఎం6 కోస్తే అది 4.8కి దిగుతుంది. మిల్లీమీటరే అనిపిస్తుంది కానీ, కోత ముఖం వైశాల్యంలో దాదాపు మూడో వంతు పోతుంది. కాలి బలమంతా లాగే కడ్డీకి ఆ పని చేయబుద్ధి కాలేదు.

లేత్ మీద చాలా ఏళ్లు పనిచేసి ఇప్పుడు విశ్రాంతిగా ఉన్న ఒక పెద్దాయన నాకు తెలుసు. ఫోను చేసి కొలతలన్నీ వినిపించాను.

"ఆరు తరువాత ఎంత బాబూ?" అన్నారు.

"ఎనిమిదండీ."

"బడిలో అలాగే చెప్పారా?"

ఫోను పట్టుకుని కాసేపు ఏమీ అనలేకపోయాను. ఎం7 అనే సైజు ఒకటుంది. అంతర్జాతీయ ప్రమాణంలో దాన్ని రెండో వరుసలో పెట్టారు, అంటే తప్పనిసరైతేనే వాడండి అని. అందుకే మామూలు నట్ల పెట్టెల్లో ఆరు తరువాత ఎనిమిదే ఉంటుంది. ఎం7 చుట్ల దూరం కూడా 1.0 మిల్లీమీటరే, ఎం6తో సమానం. నన్ను ముంచింది అదే. గేజు ఆకు అబద్ధం చెప్పలేదు, అది చెప్పేది చుట్ల దూరం ఒక్కటే. లావు చెప్పాల్సింది వెర్నియర్, అది చెప్పిందాన్ని నేను వినలేదు. బోల్టు మర పేరుకన్నా కాస్త సన్నగానే ఉంటుంది కాబట్టి ఏడుది 6.9గా కనిపించడం కూడా సరిగ్గా ఉండాల్సినట్టే ఉంది. "పాత సిట్రోయెన్ 2సీవీ విప్పావంటే ఏడులు కుప్పలుగా దొరుకుతాయి. నీ పెట్టెలో ఎవరూ ముట్టని 11 స్పానర్ ఉంటుంది చూడు, అది ఆ సైజు నట్టుకే" అన్నారాయన. నిజమే, మిగతావన్నీ అరిగి నల్లబడ్డాయి, 11 మాత్రం కొత్తదానిలా మెరుస్తోంది.

ఎం7 ఆరు పలకల నట్లు రెండు తెప్పించుకున్నాను. మొదటిది వేలితోనే చివరిదాకా వెళ్లింది. ఆ జారుడులోని హాయి చెప్పలేను. ఒకదాని వెనుక ఒకటి బిగించి తాళం వేశాను. పెడల్ పనిచేసింది. కథ అయిపోయిందనుకున్నాను.

వారం తిరగకుండా పెడల్ తొక్కినప్పుడల్లా వెనుక నుంచి టక్కుమని చప్పుడు మొదలైంది. మళ్లీ కారు కిందికి. ఈసారి నట్లు విప్పి, దీపం దగ్గరగా పెట్టి, లివర్ కంతను చూశాను. కంతకు రెండు పక్కలా చిన్న గుంటలు, దోసిలి ఆకారంలో. లివర్ మిగతా భాగమంతా గ్రీజు, దుమ్ము కలిసి నల్లగా గట్టిపడి ఉంటే, ఆ రెండు గుంటల అడుగు మాత్రం అద్దంలా మెరుస్తోంది. ఏళ్ల తరబడి గుండ్రటిది ఏదో అక్కడ కూర్చుని ఊగితే వచ్చే మెరుపు అది. దాని మీద నా నట్టు చదును ముఖం గీసిన కొత్త గీతలు అడ్డంగా ఉన్నాయి.

నట్టును ఏ పనికి పెట్టారో అప్పుడు బోధపడింది. తీగ నేరుగా లాగుతుంది, లివర్ మాత్రం ఇరుసు చుట్టూ తిరుగుతూ వంపులో కదులుతుంది. ఆ రెండింటి తగువు తీర్చాల్సింది నట్టు. అసలు నట్టుకు చేత్తో తిప్పే రెక్కలతో పాటు, లివర్ వైపు రెండు గుండ్రటి బుడిపెలుంటాయి. అవి గుంటల్లో కూర్చుని, లివర్ తిరిగే కొద్దీ దొర్లుతాయి, కడ్డీ నిటారుగానే ఉంటుంది. చదును నట్టు పెడితే తొక్కిన ప్రతిసారీ కడ్డీయే వంగాలి. అలా వంగీ వంగీ ఒకనాడు మర మొదట్లో తెగుతుంది. పైగా ఆ బుడిపెలే తాళం కూడా. గుంటల్లో దిగితే నట్టు తనంతట తాను తిరగదు. అందుకే ఇంకో నట్టు అక్కర్లేదు, స్పానర్ కూడా అక్కర్లేదు.

మామూలు రెక్కల నట్టు ఎం7లో దొరికినా సరిపోదని దీనితో తేలింది; దాని అడుగు చదును. పాత బీటిళ్ల విడిభాగాలు అమ్మేవారికి మరల లావు, చుట్ల దూరం, లివర్ గుంటల ఫోటో పంపి, క్లచ్ తీగ నట్టే కావాలని రాశాను. వచ్చింది. కొత్త తీగ కూడా తెప్పించాను, ఎందుకంటే నేను ఎం8 బలవంతంగా ఎక్కించినప్పుడు మర అంచులు నలిగాయి. తీగ పొడవు మోడల్ ఏడాదిని బట్టి మారుతుంది, కాబట్టి ఛాసీ నంబరు ఇచ్చి తెప్పించుకోవాలి.

బిగింపులో రెండు సంగతులు. నట్టు తిప్పేటప్పుడు కడ్డీ కూడా తిరగడానికి చూస్తుంది, తీగ మెలిపడుతుంది. కడ్డీని మరలు లేని చోట పట్టుకారుతో కదలకుండా పట్టాలి. ఇంకొకటి, సొరంగం చివరి నుంచి గేరుబాక్సు దాకా తీగ మీద ఉండే తొడుగు గొట్టం. ఇలాంటి తొడుగు తీగకు బౌడెన్ అనే ఆయన 1896లో పేటెంటు తీసుకున్నాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. ఆ గొట్టం తిన్నగా ఉండకూడదు, 25 నుంచి 45 మిల్లీమీటర్ల వంపుతో కిందికి వేలాడాలి. నాది తాడులా బిగిసి ఉంది. బయలుదేరేటప్పుడు కారు వణకడానికి ఇంజను ముసలిదైందని ఇన్నాళ్లూ దాన్ని నిందించాను. గొట్టం చివర రెండు వాషర్లు చేర్చాక వంపు వచ్చింది, వణుకు చాలావరకు పోయింది.

తరువాత పెడల్ ఆట. కాలికి బరువు తగిలేలోపు పెడల్ 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఊరికే కదలాలి. తక్కువైతే క్లచ్‌ను విడదీసే బేరింగు ఎప్పుడూ రాసుకుంటూ అరిగిపోతుంది, ఎక్కువైతే గేర్లు గరగరమంటాయి. బుడిపెలు గుంటల్లో పడేది అర చుట్టుకు ఒకసారి కాబట్టి, నట్టు ఒక్కో అడుగుకు తీగ అర మిల్లీమీటరు కదులుతుంది. అర చుట్టు తిప్పడం, కారు కింద నుంచి పాక్కుంటూ వచ్చి పెడల్ నొక్కి చూడటం, మళ్లీ కిందికి. ఆరుసార్లు తిరిగాక 15 దగ్గర నిలిపాను. చివరి అర చుట్టుకు బుడిపెలు గుంటల్లోకి దిగుతుంటే వేళ్లకు తెలిసింది.

కొత్త తీగ కొద్దిగా సాగుతుంది కాబట్టి నెల తరువాత ఇంకో అర చుట్టు తిప్పాను. అంతకుమించి ఆ నట్టును ముట్టుకునే పని పడలేదు. విప్పేసిన ఆరు పలకల నట్లు రెండూ ఆ పెద్దాయనకు ఇచ్చి వచ్చాను. ఆయన వాటిని దీపం కింద ఒకసారి తిప్పి చూసి, ఆరుల గడికీ ఎనిమిదుల గడికీ మధ్య ఖాళీగా ఉన్న గడిలో వేసుకున్నారు.