పొద్దు గూకింది

మా బడి పాత విద్యార్థుల సంచికకు ఏదో ఒకటి రాయాల్సిందేనని కమిటీ వాళ్ళు మూడుసార్లు ఫోన్ చేశారు. ఎర్ర సైకిల్ సంగతి, కొండవీడు పిక్నిక్, బొంగరం గాడి స్టేజీ పాట మిగతావాళ్ళు రాస్తారు. నాకు మాత్రం బడి అంటే 1986లో పదో తరగతి బీ సెక్షన్, ఒక శుక్రవారం ఆఖరి పీరియడ్.

తెలుగు మాస్టారు ఆరోజు పుస్తకం తెరవలేదు. బోర్డు మీద "పొద్దు గూకింది" అని రాసి, అర్థం అడిగారు. సూర్యుడు అస్తమించాడని బొంగరం టక్కున చెప్పాడు.

"అది నిఘంటువు చెబుతుందిరా. మీ ఇంట్లో ఎవరన్నా ఈ మాటంటే మీకేం వినిపిస్తుంది?"

వరసగా లేచాం. బ్యాటు లోపల పెట్టి చదువుకోమని. దీపం వెలిగించమని. గేదెను కట్టెయ్యమని నల్లపాడు వాడు. ఆఖరి బస్సు పోతుందని ఇంకొకడు. కిటికీ పక్కవాడు చివర్న లేచి, "అమ్మ ఇంకా పొగాకు గోడౌన్ నుంచి రాలేదని" అన్నాడు. ఎవరం మాట్లాడలేదు. మాస్టారు వాడి దగ్గరికెళ్ళి భుజం మీద చెయ్యి వేసి, "ఇదేరా ధ్వని" అన్నారు.

మాటకు ఉన్న అర్థాన్ని నేరుగా చెప్పేది అభిధ. ఆ అర్థం పొసగనప్పుడు పక్క అర్థానికి జరిపేది లక్షణ. "గంగలో గొల్లపల్లె" అంటే నీళ్ళలో ఊరుండదు కాబట్టి ఒడ్డున అనుకుంటాం. మరి ఒడ్డున అనే అనొచ్చుగా? గంగలో అన్నప్పుడు ఆ చల్లదనం, ఆ పవిత్రత కూడా ఊరికి వచ్చేస్తాయి. అలా వినిపించేది వ్యంజన. ఆ వినిపించే అర్థమే ముఖ్యమైతే ధ్వని. తొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరంలో ఆనందవర్ధనుడు ఈ ధ్వనే కావ్యానికి ఆత్మ అన్నాడని ఆరోజే విన్నాను. ఆయన ఎత్తి చూపిన ఒక ప్రాకృత గాథ మన శాతవాహన రాజు హాలుడి గాథా సప్తశతిలోది. "స్వామీ, ఇక నిర్భయంగా తిరగండి. ఆ కుక్కను గోదావరి పొదల్లో ఉండే సింహం చంపేసింది" అంటుంది ఒకామె, కుక్కకు భయపడే ఓ సాధువుతో. ఆ పొదలు ఆమె ప్రియుణ్ణి కలుసుకునే చోటు. రమ్మంటున్నట్టే ఉంటుంది, రావద్దని చెబుతోంది. పొద్దు గూకిన మాట కూడా పాతదే, మమ్మటుడనే అలంకారికుడి కావ్యప్రకాశంలో ఉందని చాలా ఏళ్ళకు తెలిసింది.

ఇంతలో బడి బంట్రోతు తాత రైలు పట్టా ముక్క మీద ఇంటి గంట కొట్టాడు. లేవబోతుంటే మాస్టారు ఆపారు. "దెబ్బ అయిపోయింది. మోత వినండి." సంచులు ఒళ్ళో పెట్టుకుని, అది సన్నగా, ఇంకా సన్నగా అయ్యేదాకా విన్నాం. ఆనందవర్ధనుడు చెప్పిన అనురణనం అదే.

తర్వాత హిందూ కాలేజీ, పెళ్ళి, నాన్న పోవడం, కమీషన్ కొట్టు. ముప్పై ఏళ్ళుగా మిర్చి యార్డులోనే ఉన్నాను. పల్నాడు రైతు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు దించి, "పిల్ల పెళ్ళి మాఘంలో పెట్టుకున్నామండీ" అంటాడు. రేటు మాటే ఎత్తడు. కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఆగే ఓపిక లేదు, ఈరోజే అమ్మిపెట్టమని ఆ మాట. కొనేవాడు కాయ విరిచి చూసి "రంగు బాగుంది" అని ఊరుకున్నాడంటే, తాలు, అంటే రంగు పోయిన నాసి కాయ, కనబడిందన్నమాట. మా నాన్న దగ్గరికి వచ్చిన రైతుల కొడుకులు ఇప్పటికీ మా కొట్టుకే వస్తున్నారు. నాకు అది చాలా పెద్ద విషయం. మా అమ్మాయి నాగార్జునా యూనివర్సిటీలో తెలుగు ఎం.ఏ. చేసింది.

ఆ కబురు చెబుదామని బ్రాడీపేటలో మాస్టారింటికి వెళ్ళాను. చూపు బాగా తగ్గింది. గొంతు పట్టి గుర్తుపట్టి, అమ్మాయి మార్కులు రెండుసార్లు అడిగి చెప్పించుకున్నారు. యార్డుకు వేళవుతోందని లేచాను.

"బయట ఎండగా ఉందిరా" అన్నారు.

గుమాస్తాకు ఫోన్ చేసి, ఈరోజు రానని చెప్పి, మళ్ళీ కూర్చున్నాను.