కడప బండ మీద వాల్వ్ ప్రీయాంప్: ఫిల్టర్ దాకా వచ్చిన పని

కడప బండ మీద మేం కడుతున్నది వాల్వ్ ప్రీయాంప్, అంటే పాట సిగ్నల్‌ను పవర్ యాంప్‌కు పంపేముందు వాక్యూమ్ ట్యూబులతో (వాల్వులతో) సిద్ధం చేసే సర్క్యూట్. అందులో ముందు ఫిల్టర్ ఎందుకో చెప్పాలి. స్పీకర్లు ఆరున్నర అంగుళాల వూఫర్‌వి, వెనక గొట్టం ఉన్న పెట్టెలు, ట్యూనింగ్ 45 హెర్ట్జ్. అంతకన్నా బాగా కిందికి దిగితే పెట్టెలోని గాలి కోన్‌ను (వూఫర్‌లో ఊగే పొరను) పట్టి ఉంచదు. శబ్దం రాదు గానీ కోన్ ఊరికే ఊగుతుంది. వంకరపోయిన ఎల్‌పీ రికార్డు పెడితే ఆ ఊగడం కంటికే కనిపిస్తుంది. అందుకే 28 హెర్ట్జ్ కింద ఆక్టేవ్‌కు (ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ) 12 డెసిబెల్స్ చొప్పున కోసేసే హైపాస్ ఫిల్టర్‌ను ప్రీయాంప్‌లోనే పెడుతున్నాం.

పవర్ సప్లై

బోరు మోటార్లు చుట్టే షాపులోనే ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించాం: 200 వోల్టులు 50 మిల్లీయాంపులు ఒకటి, 15 వోల్టులు 1 యాంపు ఒకటి. బ్రిడ్జి (ఏసీని డీసీ చేసే డయోడ్లు) తర్వాత దాదాపు 275 వోల్టులు డీసీ. 47 మైక్రోఫారడ్ 400 వోల్టుల కెపాసిటర్లు మూడు, వాటి మధ్య 1కె (వెయ్యి ఓమ్‌లు) 2 వాట్ల రెసిస్టర్లు రెండు. రెండు ఛానళ్ల లోడు 12 మిల్లీయాంపులు; చివర 250 మిగిలింది. మొదటి కెపాసిటర్‌కు అడ్డంగా 220కె 1 వాట్ బ్లీడర్ (మిగిలిన ఛార్జిని మెల్లగా ఖాళీ చేసే రెసిస్టర్) తప్పనిసరి. స్విచ్ ఆపినా చాలాసేపు షాక్ కొట్టే సర్క్యూట్ ఇది. మీటరు చూడకుండా లోపల చెయ్యి పెట్టొద్దు.

వాల్వ్ ఫిలమెంటుకు (లోపల వేడెక్కే తీగకు) నేరుగా ఏసీ ఇవ్వలేదు. ఇక్కడ సాయంత్రాలు కరెంటు 190కి పడుతుంది. 12 వోల్టుల వైండింగ్ పెట్టుంటే పదికి దిగేది. 15 వోల్టులను డీసీ చేసి (4700 మైక్రోఫారడ్), 7812 (12 వోల్టులు నిలబెట్టే రెగ్యులేటర్ ఐసీ) గ్రౌండ్ కాలులో ఒక 1ఎన్4007 డయోడ్ పెడితే 12.6 స్థిరంగా వస్తుంది. లైను 250కి ఎక్కిన రోజు ఆ ఐసీ దాదాపు 3 వాట్ల వేడి కక్కుతుంది. మే నెల కడపలో చిన్న హీట్‌సింక్ సరిపోదు, అరచేయంత ముక్క కావాలి.

వాల్వ్ దశలు

ఛానల్‌కు ఒక 12ఏయూ7, ఒకే గాజులో రెండు సగాలున్న వాల్వ్. ప్రతి సగంలోనూ క్యాథోడ్ ఎలక్ట్రాన్లను వదులుతుంది, గ్రిడ్ అదుపు చేస్తుంది, ప్లేటు అందుకుంటుంది. మొదటి సగం (1, 2, 3 పిన్లు): ప్లేటుకు 47కె, క్యాథోడ్‌కు 1.5కె, దానికి 100 మైక్రోఫారడ్ బైపాస్. ప్లేటు దగ్గర 125, క్యాథోడ్ దగ్గర 4 వోల్టులు వస్తే బాగున్నట్టే. గెయిన్ 14 రెట్లు. ఫోనుకు ఇది ఎక్కువే, కాబట్టి 50కె లాగ్ వాల్యూమ్‌కు ముందు 47కె సిరీస్‌లో వేశాం. రెండో సగం (6, 7, 8) క్యాథోడ్ ఫాలోయర్, అంటే సిగ్నల్‌ను పెంచకుండా బలంగా ముందుకు పంపే బఫర్; క్యాథోడ్‌కు 33కె. రెండు గ్రిడ్లకూ పిన్ను మీదే 1కె స్టాపర్ రెసిస్టర్. లేకపోతే పొడుగు కేబుల్ తగిలించగానే ఆసిలేషన్ (సర్క్యూట్ తనంతట తానే ఊగడం) మొదలవుతుంది.

ఫిల్టర్, అసలు తిప్పలు ఇక్కడే

మొదటి సగం ప్లేటు నుంచి 0.047 మైక్రోఫారడ్, మళ్లీ 0.047, ఆపైన ఫాలోయర్ గ్రిడ్. రెండు కెపాసిటర్ల నడుమ నుంచి ఫాలోయర్ క్యాథోడ్‌కు 82కె. గ్రిడ్ నుంచి కిందికి 180కె. సూత్రం ప్రకారం రెండో రెసిస్టర్ మొదటిదానికి సరిగ్గా రెట్టింపు ఉండాలి, అంటే 164కె. కానీ ఆ లెక్క బఫర్ గెయిన్ 1 అనుకుని వేసింది. వాల్వ్ ఫాలోయర్ ఇచ్చేది 0.93. ఆ తేడాకే 180కె, క్యూ (కోత మొదలయ్యే చోట వంపు ఎంత పదునో చెప్పే అంకె) 0.69 వస్తుంది.

మొదటిసారి ఆ 180కె కింది కొసను క్యాథోడ్ రెసిస్టర్‌లోని ట్యాప్‌కు (మధ్య నుంచి తీసిన కొసకు) కలిపాం, బయాస్ (గ్రిడ్‌కు కావలసిన డీసీ) సులువని. అదే తప్పు. ట్యాప్ కూడా సిగ్నల్‌తో పాటే ఊగుతుంది కాబట్టి 180కె కాస్తా 1.2 మెగా లాగా పనిచేసింది. ఫిల్టర్ 11 హెర్ట్జ్ దగ్గరికి జారింది, పైగా అక్కడ రెండు డెసిబెల్స్‌కు మించిన గూని. కోన్ ఊపడం ఆపుదామని పెట్టింది ఇంకాస్త ఊపింది! ఇప్పుడు ఆ కొసను 250 నుంచి 220కె, 100కె డివైడర్‌తో తీసిన 78 వోల్టులకు కలిపి, అక్కడ 10 మైక్రోఫారడ్ వేశాం. క్యాథోడ్ 84 దగ్గర నిలబడింది.

ప్లేటు వైపు కెపాసిటర్ 400 వోల్టులదే ఉండాలి. నడుస్తున్నప్పుడు దాని మీద 40 వోల్టులే ఉంటాయి, నిజమే. కానీ వాల్వులు వేడెక్కేలోపు సప్లై మొత్తం దాని మీదే పడుతుంది. కుడి ఎడమల కెపాసిటర్లను మీటరుతో కొలిచి 2 శాతం లోపు జోడీ కట్టుకోవాలి.

కొలత: 100 హెర్ట్జ్‌ను 1 అనుకుంటే 40 దగ్గర 0.87, 30 దగ్గర 0.73, 20 దగ్గర 0.44. చౌక మీటర్లు 40 కింద సరిగా చూపవు, అందుకని ప్రతి ఫ్రీక్వెన్సీలోనూ ఇన్‌పుట్, అవుట్‌పుట్ రెండూ కొలిచి భాగించాం.

బండ

అర అడుగు దూరంలో టేబుల్ తట్టినా వాల్వ్ గంటలా మోగేది. 30 బై 25 సెంటీమీటర్ల కడప బండ, 2 సెంటీమీటర్ల మందం, దాదాపు నాలుగు కిలోలు. కింద రబ్బరు బుష్‌లు వేశాక చాలా తగ్గింది. డ్రిల్ హ్యామర్ మోడ్‌లో పెడితే పొరలు లేచిపోతాయి, నీళ్లు పోస్తూ మెల్లగా తొలవాలి. రాయి హమ్‌ను (కరెంటు వల్ల వచ్చే గుయ్‌మనే మోతను) ఆపదు కాబట్టి పైన అల్యూమినియం రేకు, దానికి గ్రౌండ్ ఇన్‌పుట్ సాకెట్ దగ్గర ఒక్కచోటే. వాల్యూమ్ బాడీ దగ్గర రెండో గ్రౌండ్ ఉన్నన్నాళ్లూ హమ్ పోలేదు.

మిగిలింది: అవుట్‌పుట్‌లోని 1 మైక్రోఫారడ్ ఛార్జయ్యేటప్పుడు వచ్చే దబ్‌మనే చప్పుడుకు, 30 సెకన్లు ఆగి అవుట్‌పుట్‌ను కలిపే రిలే.