ముందు ఊరి పేరు చెప్పండి

108లో ఫోన్లు ఎత్తే ఉద్యోగం చేశాను. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన సేవ అది. టెన్షన్‌లో ఉన్నవాళ్లు ముందు ఏం జరిగిందో చెప్పేస్తారు. మాకు ముందు కావాల్సింది ఎక్కడ జరిగిందన్నది. జిల్లా, మండలం, ఊరు, తర్వాత గుర్తు. "రామాలయం పక్కనండీ" అంటే సరిపోదు, అది ప్రతి ఊళ్లోనూ ఉంటుంది. "మెయిన్ రోడ్డు నుంచి ఎటు తిరగాలమ్మా? వాటర్ ట్యాంకు దాటాలా?" అని అడుగుతాం. ఇన్ని ప్రశ్నలేంటని కోప్పడతారు, ఆ కంగారులో అది సహజమే. వివరాలు స్క్రీన్ మీదికి ఎక్కితేనే దగ్గర్లో ఖాళీగా ఉన్న బండికి కబురు వెళ్తుంది. బండి నడిపే పైలట్, వెనక ప్రథమ చికిత్స చేసే ఈఎంటీ (ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్), ఇద్దరూ వస్తారు. దయచేసి మాకు చేసిన ఆ ఫోన్ ఖాళీగా ఉంచండి, చుట్టాలకు వేరే ఫోన్ నుంచి చెప్పండి. దారి అడగాలంటే పైలట్ ఆ నంబరుకే చేస్తాడు.