అమ్మకి ట్యాబ్ కొన్నాను, ఓటీపీ దొంగనయ్యాను

మా కాలేజీలో కంప్యూటర్ ల్యాబు మొత్తం నేనే చూసుకుంటాను. ఎవరి లాగిన్ పోయినా నా దగ్గరికే వస్తారు. అందుకే విశాఖ ద్వారకానగర్ షోరూములో కుర్రాడు "సెటప్ చేసిచ్చేస్తాం సార్, ఐదొందలవుద్ది" అన్నప్పుడు నవ్వొచ్చింది. టెంపర్డ్ గ్లాసు, కవరు, అదనపు వారంటీ అంటూ ఇంకా ఏవేవో అంటగట్టబోయాడు. గ్లాసు ఒక్కటే తీసుకున్నాం. అది కూడా బయట సగం ధరకే దొరుకుతుందని తర్వాత తెలిసింది.

స్మార్ట్‌ఫోను మెట్ల మీద పడి డిస్‌ప్లే పోయినప్పట్నించీ అమ్మ బటన్ల ఫోనుతోనే కాలక్షేపం చేస్తోంది. శుక్లాల ఆపరేషన్ అయ్యాక చిన్న అక్షరాలంటేనే విసుగు. బెంగుళూరులో ఉన్న మనవరాల్ని చూసుకోవడానికి, ప్రవచనాలు వినడానికి ట్యాబ్ అయితే బాగుంటుందనుకున్నాం.

డబ్బా విప్పడం, వైఫై కలపడం, అప్‌డేట్ ఎక్కించడం అన్నీ టిఫిన్ తినేలోపు అయిపోయాయి. ఛార్జర్ డబ్బాలో లేదు, ఇంట్లో ఉన్నదే సరిపోయింది. తర్వాత జీమెయిల్ అడిగింది.

"పాస్‌వర్డ్ ఏంటమ్మా?"

"నాకేటి తెల్సు? ఫోను కొన్నప్పుడు ఆ షాపు కుర్రోడే ఏదో కొట్టీసాడు."

మన ఊళ్ళో సగం మంది పెద్దవాళ్ళ జీమెయిళ్ళు ఇలాగే పుట్టాయి. ఫోను అమ్మినవాడే ఏదో పేరు, దాని వెనక నాలుగంకెలు, పుట్టినరోజు జనవరి 1 అని కొట్టేసి చేతిలో పెట్టేస్తాడు. పాస్‌వర్డ్ కాగితం మీద రాసిచ్చినవాణ్ణి నేనింతవరకు చూళ్ళేదు. వీళ్ళనేమనాలో మీరే చెప్పండి.

కొత్త జీమెయిల్ తెరిస్తే ఐదు నిమిషాల పని. కానీ నాన్న ఫొటోలన్నీ ఆ పాత ఖాతాలోనే ఉన్నాయి. రెండేళ్ళు వాడకుండా వదిలేసిన ఖాతాలను గూగుల్ తీసేయొచ్చు, 2023 డిసెంబరు నుంచి తీసేస్తోంది కూడా. కాబట్టి అదే కావాలి.

షాపువాళ్ళు పెట్టే రకం పాస్‌వర్డులన్నీ కొట్టి చూశాను. ఒక్కటీ పడలేదు. "ఈ ఖాతా మీదేనని నిర్ధారించలేకపోయాం, కొన్ని గంటలయ్యాక ప్రయత్నించండి" అంది. మర్నాడు కూర్చుంటే ఫలానా నంబరుకి కోడ్ పంపిస్తానని చివరి రెండంకెలు చూపించింది. అమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసి, "అది మీ నాన్నదిరా" అంది.

నాన్న పోయాక ఆ సిమ్ రీఛార్జ్ చెయ్యలేదు. ఆపేసిన నంబరుని 90 రోజులు దాటాక కంపెనీలు ఇంకొకరికి ఇచ్చుకోవచ్చు. ఇచ్చేశారు కూడా. అయినా కోడ్ పంపించి, ఆ నంబరుకి ఫోన్ చేశాను. ముందు సైబర్ మోసగాళ్ళతో జాగ్రత్త అంటూ ఆ రికార్డు మోగింది, తర్వాత ఎవరో ఎత్తారు.

"సార్, మీకిప్పుడు గూగుల్ నుంచి ఆరంకెల కోడ్ వచ్చుంటుంది. కాస్త చెప్తారా?"

నా నోటితో నేనే ఈ మాట అన్నాను. ల్యాబులో ప్రతి బ్యాచ్‌కీ "ఓటీపీ ఎవరికీ చెప్పకండి" అని పాఠం చెప్పే నేను!

"పొద్దున్నే నేనే దొరికేనేటి నీకు? సైబర్ పోలీసుల 1930కి చెయ్యమంటావేటి?" అన్నాడాయన. సంగతి చెప్పబోతే, "మొన్నొకడు మా బావకీ ఇలాగే కత చెప్పేడు" అని మొదలుపెట్టి నా పుట్టుపూర్వోత్తరాలు కడిగేశాడు. స్పీకర్ ఆన్‌లో ఉంది. మా ఆవిడ వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చి నిలబడింది. అమ్మ నా చేతిలోంచి ఫోన్ లాక్కుని, "బాబూ, ఆ నంబరు మా ఆయనది" అంది.

అవతల కాసేపు మాట లేదు. తర్వాత మెత్తగా, "అమ్మా, మీరు చెప్పింది నిజమే అయ్యుండొచ్చు. ఓటీపీ మాత్రం చెప్పను" అని పెట్టేశాడు. ఒప్పుకోవాలి, మా స్టూడెంట్లలో ఒక్కడైనా అంత గట్టిగా నిలబడతాడని నాకు నమ్మకం లేదు. కానీ నా నంబరుని ఏదో యాప్‌లో ఫ్రాడ్ అని రిపోర్టు చేసినట్టున్నాడు. ఇప్పుడు నేను ఫోన్ చేస్తే మా కొలీగ్ స్క్రీన్ మీద ఎర్రగా కనిపిస్తున్నానట.

చివరికి పని జరిగింది డాబాగార్డెన్స్ సందులో ఒక చిన్న రిపేరు కొట్లో. బీరువా అడుగునున్న పాత ఫోను పట్టుకెళ్తే, ఆయన ఊరికే ఒక డిస్‌ప్లే తగిలించి ఆన్ చేశాడు. లాక్ ప్యాటర్న్ అమ్మ వేలికి గుర్తుంది, చూడకుండానే గీసేసింది. నా హాట్‌స్పాట్ కలిపి, పక్కనే ట్యాబులో ఖాతా రికవరీ నొక్కగానే పాత ఫోనులో "మీరేనా?" అని వచ్చింది. ట్యాబులో కనిపించిన అంకె దీంట్లో నొక్కాం, అంతే. కొట్టాయన "డిస్‌ప్లే వేయించుకోలేదు కదా, డబ్బులెందుకు సార్" అన్నాడు. ఐదొందల షోరూములకి ఇలాంటివాళ్ళని చూపించాలి.

మీ ఇంట్లో పాత ఫోను ఉంటే అమ్మేయకండి, ఎక్స్ఛేంజ్‌కి అసలే ఇవ్వకండి, ముందు ఖాతా కొత్తదాంట్లో తెరుచుకోనివ్వండి. రికవరీ నంబరు ఈ రోజే చూసుకోండి. ఎప్పుడూ వాడే ఫోను, ఇంటి వైఫై మీద ప్రయత్నిస్తే గూగుల్ కాస్త తొందరగా నమ్ముతుంది. మా కొత్త పాస్‌వర్డ్ గ్యాస్ పుస్తకం వెనక పేజీలో రాసిపెట్టాను. దాచడానికి అంతకన్నా భద్రమైన చోటు మా ఇంట్లో లేదు.

అక్షరాలు బాగా పెద్దవి చేసి, మైక్ నొక్కి తెలుగులో మాట్లాడటం నేర్పించాను. యూట్యూబ్ తనే చూసుకుంటోంది. ఇప్పుడు కొత్త గొడవ ఫోన్‌పే. సీతమ్మధార రైతుబజారులో ఆకుకూరలావిడ కూడా స్కానర్ పెట్టింది, నాకేటి తక్కువంటోంది. బ్యాంకులో ఉన్న నంబరు సిమ్ అదే ట్యాబులో ఉండాలి, దాన్నుంచే మెసేజ్ వెళ్ళాలి అని చెప్పాను. ఆ సిమ్ బటన్ల ఫోనులో ఉంది. అది మాత్రం తియ్యనివ్వదట.