మత్తుకు అలవాటుపడ్డ బిడ్డ ఉన్న ఇంటికి వెళ్తున్నారా?

ఆ తల్లిదండ్రులు మీకు విషయం చెప్పారంటే చాలా రోజులు దాచి, ఇక దాచలేక చెప్పారన్నమాట. "ముందే కనిపెట్టలేదా?" అని మీరు ఒక్క మాట అంటే చాలు, మళ్లీ నోరు విప్పరు. ఊరికే కూర్చోకుండా ఏదైనా పని అందుకోండి. రాత్రంతా కాపలా కాసిన తల్లిని నాలుగు గంటలు పడుకోమని, మీరు మెలకువగా ఉండండి. డాక్టరు దగ్గరికి తోడు వెళ్లండి. ఏం వాడుతున్నాడు, ఎంత, ఎన్నాళ్ల నుంచి, చివరిసారి ఎప్పుడు అన్నవి ముందే కాగితం మీద రాయించండి. అక్కడికెళ్లాక కంగారులో సగం గుర్తురావు.

"గదిలో పెట్టి తాళం వేయండి, అదే దిగుతుంది" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అడ్డుపడండి. రోజూ బాగా తాగేవాళ్లు ఉన్నట్టుండి మానేస్తే 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు మొదలవుతాయి. తొలి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పి, ప్రాణం మీదికే రావచ్చు. ఏళ్ల తరబడి వాడిన నిద్రమాత్రలూ అంతే. డాక్టరు చెప్పినట్టే తగ్గించాలి.

డబ్బు దగ్గర మాత్రం ఇల్లు రెండుగా చీలుతుంది. ఒకరు కాదంటారు, ఇంకొకరు చాటుగా ఇస్తారు. ఇద్దరినీ కూర్చోబెట్టి ఒక్క నియమానికి ఒప్పించండి: చేతికి నగదు ఇవ్వరు, తిండి, ఫీజు, మందుల ఖర్చు నేరుగా కడతారు. పది నియమాలు పెడితే ఒక్కటీ నిలవదు. గెంటేస్తామని మూడుసార్లు బెదిరించి ఊరుకుంటే నాలుగోసారి ఎవరూ లెక్కచేయరు. ఏం చెప్పినా మత్తు దిగాకే.

చికిత్స అయి ఇంటికొచ్చాక అందరూ ఊపిరి పీల్చుకుంటారు. హెరాయిన్ లాంటివి వాడినవాళ్లకు అసలు గండం అప్పుడే. ఒంటికి తట్టుకునే శక్తి తగ్గిపోతుంది, పాత మోతాదే చంపేస్తుంది. పిలిచినా పలక్కుండా, పెదాలు నీలంగా మారి, గురకలాంటి శబ్దం వస్తుంటే అంబులెన్స్ పిలవాలి. హెరాయిన్ లాంటివాటి మోతాదు మించినప్పుడు విరుగుడుగా ఇచ్చే మందు నాలోక్సోన్. అది దొరికేచోట ఇంట్లో ఉంచుకోమనండి. 2–3 నిమిషాల్లో కదలిక లేకపోతే ఇంకో డోసు. ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. లేచి కూర్చున్నా ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే, ఆ మందు 30–90 నిమిషాల్లో దిగిపోతుంది.

మళ్లీ మొదలెట్టాడని ఎప్పుడో ఫోన్ రావచ్చు. "నేను ముందే అనుకున్నా" అనకుండా, ఎన్నింటికి రమ్మంటారో అడగండి.