లంప్కిన్‌లో ఒక గంట

శనివారం. పిల్లవాడి సాకర్ మ్యాచ్ మా ఆయనకి అప్పగించి, రాత్రే కలిపి పెట్టుకున్న పులిహోర గిన్నె కారులో పెట్టుకుని తెల్లారకముందే బయల్దేరాను, లంప్కిన్‌లో ఇమ్మిగ్రేషన్ కేసుల కోసం నిర్బంధంలో ఉంచినవాళ్లను చూసి రావడానికి. దారిలో ఒక రిటైర్డ్ నర్సుని ఎక్కించుకున్నాను. డెబ్బై దాటిన అమెరికన్ ఆవిడ. చర్చిలో ఎవరో చెబితే ఈ పనిలోకి వచ్చిందట, ఇక వదల్లేదు. కారెక్కగానే నిద్రపోతుంది, కొలంబస్ దాటాక లేచి కాఫీ అడుగుతుంది.

జార్జియాలోనే మా కమ్మింగ్ నుంచి లంప్కిన్‌కి సుమారు మూడు గంటలు. కొలంబస్ దాటాక కసేటా మీదుగా దక్షిణానికి పోతుంటే రెండు వైపులా పైన్ చెట్లు తప్ప ఏమీ కనిపించవు. ప్రావిడెన్స్ కాన్యన్‌కి వెళ్లే మనవాళ్లు కూడా చాలామంది ఈ రోడ్డు మీదే వెళ్తారు. ఎర్రమట్టి లోయ ముందు ఫొటోలు దిగి వస్తారు. అక్కడికి కొద్ది మైళ్లలోనే స్టూవర్ట్ డిటెన్షన్ సెంటర్ ఉంది. ఐస్ (అమెరికా ఇమ్మిగ్రేషన్ చట్టాలు అమలు చేసే ప్రభుత్వ సంస్థ) కోసం కోర్‌సివిక్ అనే ప్రైవేటు కంపెనీ నడుపుతుంది. 2006 నుంచి ఇక్కడ ఇమ్మిగ్రేషన్ కేసుల్లో పట్టుబడ్డవాళ్లను ఉంచుతున్నారు. అమెరికాలో ఇలాంటి వాటిలో పెద్దవాటిలో ఇదొకటి. ఇమ్మిగ్రేషన్ కోర్టు కూడా ఆ ఆవరణలోనే.

ముందు ఎల్ రెఫూహియో అనే స్వచ్ఛంద సంస్థ ఇంటికి వెళ్లాం. 2010లో మొదలుపెట్టారు దీన్ని. దూరాల నుంచి తమవాళ్లను చూసుకోవడానికి వచ్చే కుటుంబాలకు ఉచితంగా పడక, భోజనం ఇస్తారు. ఎవరూ రాని వాళ్లను చూసి రావడానికి మాలాంటి వాలంటీర్లను పంపుతారు. వంటగదిలో గ్వాటెమాలా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ నా పులిహోర వడ్డించుకుని, కరివేపాకు మొత్తం ఏరి ప్లేటు అంచున పెట్టి, వేరుశెనగ గుళ్లు మాత్రం ఒక్కటి వదలకుండా తినేసింది. జార్జియాలో వేరుశెనగకి తిరుగేముంది! ఆవిడకి ఇంగ్లీషు రాదు, నాకు స్పానిష్ రాదు. ఇంకాస్త వడ్డించమని గిన్నె చూపించింది, వడ్డించాను.

నాకు ఇచ్చిన చీటీ మీద ఒక పేరు, ఇమ్మిగ్రేషన్ వాళ్లు ఒక్కో మనిషికి ఇచ్చే తొమ్మిది అంకెల ఏ-నంబర్ ఉన్నాయి. హర్యానా అబ్బాయి, హిందీ మాట్లాడతాడు అన్నారు. పేరు ఇక్కడ రాయను.

కొత్త వాలంటీర్లకు ముందే చెప్పే మాటలు కొన్ని ఉన్నాయి. సలహాలు ఇవ్వొద్దు, మనం లాయర్లం కాదు. చేయలేని పనికి మాట ఇవ్వొద్దు. ఎందుకు పట్టుబడ్డావని అడగొద్దు, తనంతట తాను చెబితే వినండి. ఆ చివరిది మన తెలుగువాళ్లకి చాలా కష్టం. ఎవరింటికి వెళ్లినా మొదటి అయిదు నిమిషాల్లో జీతం, ఇంటి ఖరీదు, వీసా స్టేటస్ కనుక్కునే జాతి మనది.

ఫోన్, బ్యాగు బయటే వదిలి, ఐడీ చూపించి, మెటల్ డిటెక్టర్ దాటి వెళ్లాలి. తర్వాత కూర్చోవడమే. మధ్యలో అద్దం, అటూ ఇటూ ఒక్కో ఫోను రిసీవర్. ఊళ్లో ఎస్టీడీ బూత్‌లో దూరపు కాల్ మాట్లాడినట్టు గట్టిగా మాట్లాడాలి. మనిషి మాత్రం రెండడుగుల దూరంలోనే ఉంటాడు.

కుర్రాడికి ఇరవై మూడో, ఇరవై నాలుగో ఉంటాయి. "నమస్తే ఆంటీజీ" అన్నాడు. ఆంటీ అన్నందుకు కొంచెం గుచ్చుకుంది కానీ, సరే. నా హైదరాబాదీ హిందీ విని నవ్వు ఆపుకోవడానికి ప్రయత్నించాడు, కుదరలేదు. అదీ మంచిదే. ఎక్కడి వాళ్లు మీరు అని అడిగాడు. ఒంగోలు దగ్గర అన్నాను. తెలియదన్నాడు. ఆంధ్రా అన్నాను. అప్పుడు ముఖం వెలిగింది. "మా గేదెల్ని మీ ఆంధ్రావాళ్లే కొనుక్కుపోతారు!"

ఇక అక్కణ్నుంచి మాట ఆగలేదు. ముర్రా గేదెలు. వాళ్లది రోహ్‌తక్ వైపు. మనవైపు నుంచి వ్యాపారులు వచ్చి పొదుగు చూసి, కొమ్ముల మెలిక చూసి, రెండు పూటలా పాలు పితికించి చూసి గానీ బేరం తెంచరట. లారీల్లో ఎక్కించి పంపిస్తే అంత దూరం వెళ్లి ఎలా తట్టుకుంటాయో అని చిన్నప్పుడు అనుకునేవాడట. మా తాతయ్య దగ్గరా ముర్రా గేదె ఉండేదని చెప్పాను. వేసవిలో చెరువులోకి దిగితే సాయంత్రం దాకా బయటికి వచ్చేది కాదు, మమ్మల్నందర్నీ గట్టు మీద నిలబెట్టేది. పేరేంటి అని అడిగాడు. గౌరి అన్నాను. తమ ఇంట్లో వాటి పేర్లన్నీ వరసగా చెప్పాడు. తర్వాత, అవి ఇప్పుడు లేవు, తనని అమెరికా చేర్చే ఏజెంటుకి కట్టడానికి వాటినీ, కొంత పొలాన్నీ అమ్మేశామన్నాడు. నేను ఏమీ అడగలేదు. కాసేపు ఇద్దరం రిసీవర్లు పట్టుకుని ఊరికే కూర్చున్నాం. మళ్లీ తనే, సన్‌రైజర్స్ ఎలా ఆడుతోంది ఆంటీజీ అన్నాడు.

లోపల వంటింట్లో పని చేస్తున్నాడట. ఇలాంటి పనికి రోజుకి కనీసం ఒక డాలర్ ఇవ్వాలని ఐస్ నిబంధన. ఒక్క డాలర్! ఆ డబ్బుతో ఇంటికి ఫోను చేసుకుంటాడు. వచ్చే వారం కోర్టు ఉంది, లాయరు లేడు. ఇక్కడ ఇమ్మిగ్రేషన్ కేసు క్రిమినల్ కేసు కాదు, సివిల్ వ్యవహారం. అందుకే ప్రభుత్వం ఉచితంగా లాయర్ని ఇవ్వదు. క్రిమినల్ కాని కేసుకి ఈ అద్దం, ఈ గేటు ఎందుకో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

గంట అయిపోయింది. "మళ్లీ వస్తారా" అన్నాడు. ఉత్తరం రాస్తానన్నాను, అది నా చేతిలో పని కాబట్టి.

సాయంత్రం ఒక స్నేహితురాలి ఇంట్లో పాట్‌లక్, అంటే తలా ఒక వంట తెచ్చుకునే విందు. ఎక్కడికెళ్లొచ్చావంటే చెప్పాను. వెంటనే వచ్చిన ప్రశ్న, "ఏం చేశాడంట?" ఇంకొకావిడ, "మనం పదిహేనేళ్లుగా లైన్లో నిల్చున్నాం వదినా, వాళ్లేమో గోడ దూకి వస్తారు" అంది. ఆ కోపం నాకు అర్థం కానిది కాదు. గ్రీన్‌కార్డు లైన్లో మా వంతూ ఇంకా రాలేదు. ప్రతి నెలా, ఎవరి వంతు ఎక్కడిదాకా వచ్చిందో చెప్పే వీసా బులెటిన్ చూసి నిట్టూర్చే ఇల్లే మాది. మా ఆయనకి మొదట్నుంచీ టెన్షనే. మనకే కార్డు రాలేదు, నువ్వు పోయి అక్కడ పేరు రాయించుకోవడం దేనికి అంటాడు. ఆయన భయం ఉత్త భయమేమీ కాదు, అందుకే వాదించను. వెళ్లొస్తాను, అంతే.

కానీ 2019 జనవరి మర్చిపోయినట్టు మాట్లాడితే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని మిషిగన్‌లో అమెరికా ప్రభుత్వమే వల వేయడానికి ఒక బూటకపు కాలేజీ పెట్టింది. క్లాసుల్లేవు, ప్రొఫెసర్లు లేరు. అందులో చేరినవాళ్లలో మన తెలుగు పిల్లలు చాలామంది. తొలివిడతలో అరెస్టయిన 130 మందిలో 129 మంది భారతీయులు. అప్పుడు వాట్సాప్ గ్రూపుల్లో ఎవరూ "ఏం చేశారంట" అని అడగలేదు. మన పిల్లలు, పాపం, ఏజెంట్లు మోసం చేశారు అన్నాం. ఎంబసీ హెల్ప్‌లైన్ తెరిచింది. తెలుగు సంఘాల వాళ్లు లాయర్ల కోసం పరుగులు పెట్టారు. బాగానే చేశారు. అది బూటకమని తెలిసే ఆ పిల్లలు చేరారని అప్పట్లో ప్రభుత్వం వాదించింది. అయినా మన మనసు కరిగింది. ఆ కుర్రాడి ఊరు రోహ్‌తక్ అయ్యేసరికి గోడ దూకినవాడైపోయాడు.

మొన్న 2025 సెప్టెంబర్‌లో మా జార్జియాలోనే ఎల్లాబెల్ దగ్గర హ్యుందాయ్ ఫ్యాక్టరీ కట్టేచోట దాడి చేసి 475 మందిని పట్టుకున్నారు. మూడొందల మందికి పైగా కొరియన్లే. ఇక్కడి కొరియన్ సూపర్‌మార్కెట్‌లో ఆ వారమంతా అదే మాట. చివరికి ఆ దేశం విమానం పంపించి తీసుకెళ్లింది. అదే ఏడాది ఫిబ్రవరిలో మనవాళ్లు 104 మంది అమృత్‌సర్‌లో దిగింది అమెరికా సైనిక విమానంలో, సంకెళ్లతో. అందులో హర్యానావాళ్లు 33 మంది.

పాట్‌లక్‌లో ఇదంతా అనలేదు. పనసపొట్టు కూర బాగుంది, అది తిన్నాను. "ఏం చేశాడంట" అన్న ఆవిడకి, నాకు తెలిసింది ఇంతే అని గేదెల సంగతి చెప్పాను. ఆవిడ నాన్నగారిది తెనాలి దగ్గర పాల డైరీ. ముర్రాకి ఎంత దాణా పెట్టాలో మొదలుపెట్టి పావుగంట మాట్లాడింది. మనసు మారిందని కాదు, గేదెల మీద ప్రేమ అంతే.

రేపు ఉత్తరం రాయాలి. హిందీ రాసి పాతికేళ్లయింది, గుణింతాల గుర్తులు ఎక్కడెక్కడ పెట్టాలో చూసుకోవాలి. స్టాంపులు కొనాలి. కవరు మీద ఏ-నంబర్ సరిగ్గా లేకపోతే ఉత్తరం చేరదట, చీటీ పర్సులోనే ఉంది. మ్యాచ్ ఓడిపోయారని పిల్లవాడు ఇంకా అలిగి కూర్చున్నాడు, వాణ్ని పడుకోబెట్టాలి.